జుమ్మై గీసిన ఇళ్ళు

జారియా పాతబస్తీ

ప్రియమైన చెల్లి జుమ్మైకి,

సలాం. బడిలో బొమ్మలు నేర్పే నీ పని సాఫీగా సాగుతోందని తలుస్తాను. మీ వదిన, పిల్లలు కులాసా.

నువ్వు గీసి వెళ్ళిన మాలం గర్బా ఇల్లు మొన్న కూలగొట్టారు. మిద్దె మూలల మీద మట్టితో తీర్చిన కొమ్ములు, గుమ్మం చుట్టూ ఉబ్బెత్తు నగిషీ, అంతా మట్టికుప్ప. అంతకుముందు నువ్వు గీసిన ఇరో వాళ్ళ ఇల్లూ అంతే, అద్దకంవాళ్ళ ఇల్లూ అంతే. టీ కొట్టు దగ్గర పక్కవీధి తలాతు మొగుడు అందరి ముందూ, "మీ చెల్లెలి కుంచె సోకితే గోడ నిలవదటగా తానిమూ! మా వీధికి రానీయకు బాబూ" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

దిష్టి మాటలు నేను నమ్మను. కానీ నిజం చెప్పు, నీ బొమ్మలు ఎవరు కొంటున్నారు? సిమెంటు ఇళ్ళు కట్టే కాంట్రాక్టర్లకు చూపిస్తున్నావా? ఏ ఇల్లు పడగొట్టాలో వాళ్ళు వాటిని చూసే ఎంచుకుంటున్నారా?

నీ మంచి కోరే అన్న,
తానిము


కదునా

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. నేను ఒక్క బొమ్మా అమ్మలేదు. అన్నీ నా గదిలోనే గోడకు ఆనించి ఉన్నాయి. ఆ ఇళ్ళలోకి నా అంతట నేను వెళ్ళలేదు. ఆడవాళ్ళు కబురుపెట్టి, లోపలి వాకిలిదాకా పిలిస్తేనే వెళ్ళాను. నా చేతికి పేరొస్తోందని మురిసిపోయాను కూడా.

ఏ ఇంటికి వెళ్తున్నానో ముందే చెప్పింది నీకొక్కడికే. మొన్న జారియా నుంచి వచ్చిన నా స్నేహితురాలు బింతా ఒక సంగతి చెప్పింది. సిమెంటు వ్యాపారి వ్యానులో అతని పక్కన కూర్చుని తిరుగుతున్నావట. "మీ అన్న కొత్త స్నేహం చూశావుటే?" అని ఎకసెక్కంగా అడిగింది. మట్టిమేస్త్రీ కొడుకువి, నీకు సిమెంటుతో ఏం పని? ఇళ్ళ సంగతులు అతనికి మోస్తున్నదెవరు అన్నయ్యా?

నీ చెల్లెలు,
జుమ్మై


జారియా

జుమ్మైకి,

సొంత అన్నను దళారీని చేశావు. ఎవరి వ్యానులో తిరిగానో నీకు సంజాయిషీ ఇవ్వను. నీ ఉత్తరం చదివి మీ వదిన ఏమందో తెలుసా? "ఆవిడగారు ఫ్యాను కింద కూర్చుని మట్టిగోడలను ముద్దుచేస్తుంది. వాన పడ్డప్పుడల్లా ఆ గోడ మెత్తేది మనం."

పండక్కి రా, తిను, పిల్లలను ఎత్తుకో. మన గడపలో మాత్రం బొమ్మ వేయకు.

తానిము


కదునా

ప్రియమైన అన్నయ్యకు,

కోపంగా ఉన్నా ఇది చదువు. శనివారం జారియా వచ్చాను. మన గుమ్మం ఎక్కడానికి మొహం చెల్లక, మాలం గర్బా భార్య దెలు అత్త దగ్గరికి వెళ్ళాను. కొత్త సిమెంటు గదిలో చాప మీద కూర్చుని ఉంది. "మీ ఇల్లు పోవడానికి నేనే కారణమంటున్నారు" అన్నాను. ఆమె నోరు నొక్కుకుంది.

"పిచ్చిదానా! నువ్వొచ్చాక కూలిందనుకున్నావా? కూల్చేస్తామని మగవాళ్ళు అనుకున్నాకే నేను నిన్ను పిలిపించాను. పెళ్ళికూతురిగా అడుగుపెట్టిన గది అది. నీ దగ్గరైనా బొమ్మగా మిగలాలనుకున్నాను. మా ఆయనకు చెప్తే ముసలిదానికి చాదస్తమంటాడని మాట బయటపెట్టలేదు."

"మరి ఇరో వాళ్ళో?"

"నీ పేరు ఇరో పెళ్ళానికి చెప్పిందెవరనుకున్నావు? అద్దకంవాళ్ళ కోడలికి చెప్పిందెవరు?"

నాకు పేరొచ్చిందనుకున్నాను అన్నయ్యా. తీరాచూస్తే, చావింటికి పిలిచినట్టు పిలుస్తున్నారు. నిన్ను అనుమానించాను. మన్నించు.

నీ జుమ్మై


జారియా

ప్రియమైన చెల్లికి,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించాను.

నువ్వు అడిగినదానికి ఇప్పుడు చెప్తున్నాను. ఆ సిమెంటు మన ఇంటికే. పోయిన వానల్లో వెనక గది గోడ మంచం మీద పడింది. అమ్మాయిని అప్పుడే తిండికి పిలిచాం కాబట్టి దక్కింది. నువ్వు తట్టుకోలేవని దాచాను. నాన్న చేతి పని నా చేతులతో కూల్చాలంటే నాకూ ధైర్యం చాల్లేదు. నువ్వొచ్చి బొమ్మ మొదలుపెడితే ఇల్లు పోవడం ఖాయమైపోతుందని భయపడ్డాను. టీ కొట్టులో ఎగతాళి అందుకే అంత గుచ్చుకుంది.

పండగ వెళ్ళాక కూలీలు వస్తారు. ఈలోగా రా. ఎన్నాళ్ళు పట్టినా ఉండు.

మీ వదిన పొద్దున్నించీ అమ్మ గది అలుకుతోంది. "కూలిపోయే గోడకు ఇంత సింగారమెందుకే?" అన్నాను. "బొమ్మలో ఊరికే గోడ వేస్తే ఎవరిల్లని తెలుస్తుంది? ఆ గుమ్మంలో నన్నూ కూర్చోబెట్టమను" అంది. పెట్టెలోంచి తను కట్టుకునే నీలం బట్ట తీసి ఎండలో ఆరేసింది.

ఎదురుచూసే అన్న,
తానిము