మూడో సిలిండర్ గీత

జంషెడ్‌పూర్,
భాలుబాసా.

అన్నయ్యకు గౌరి నమస్కారాలు.

వదిన మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నదానికి దగ్గు పోయిందా? అమ్మ బీపీ మాత్రలు మానేయకుండా చూడు. నా ఒంట్లో బాగానే ఉంది. రెండు పూటలా తింటున్నాను. ఈ మాట మాత్రం నమ్ము. మిగతాది ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. మన ఇంట్లో ఫోన్ ఎవరెత్తినా స్పీకర్ మీదే పెడతారు. ముందు నువ్వొక్కడివే చదువు. అమ్మకి ఎంత చెప్పాలో నువ్వే చూసుకో.

మూడు వారాలుగా "పని ఎక్కువగా ఉంది" అని ఫోన్ పెట్టేస్తున్నాను కదా. అది అబద్ధం. హ్యాంగర్‌లో నాకిప్పుడు పని లేదు.

మా కంపెనీకి రెండే చిన్న విమానాలు. గనుల మీద, అడవుల మీద ఎగిరి ఫొటోలు తీయడం వాటి పని. ఇంతకు ముందు ఇన్ని గంటలు ఎగిరితే ఇంజన్ విప్పి చూడాలని లెక్క ఉండేది, అది బాగున్నా లేకపోయినా. మొన్న ఎండాకాలం నుంచి పద్ధతి మారింది. ప్రతి సిలిండర్‌కీ వేడి కొలిచే సెన్సర్ పెట్టారు. ఎగిరినంతసేపూ ఆ వేడి రికార్డవుతుంది. దిగాక ఆ గీతలు కంప్యూటర్లో చూసి, ఏ ఇంజన్ ఎప్పుడు విప్పాలో చెప్పడం నా పని. బాగున్నదాన్ని ఊరికే విప్పక్కర్లేదు, చెడుతున్నదాన్ని గడువు దాకా వదిలెయ్యక్కర్లేదు. నీ లారీ షెడ్డులో నువ్వు చేత్తో తడిమి చెప్పేది అదే. పద్ధతిలో తప్పు లేదన్నయ్యా. ఇప్పటికీ అదే అంటాను.

మా పెద్ద మెకానిక్ దానియేలు బాబాయి గారి గురించి ఇదివరకు చెప్పాను. వాళ్ల తాత భీమిలి నుంచి ఇనుము కార్ఖానా పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. కొత్త పద్ధతి వచ్చినప్పుడు ఆయన ఒక్క మాటే అన్నారు.

"గీతలు సూడు, వద్దనను. గానీ నెలకోపాలి సిలిండర్లోకి కెమెరా ఎట్టి కంటితో కూడా సూద్దుం. ఏటి పోయింది మనకి?"

మేనేజర్ నా వైపు చూశాడు. గీతలు సరిపోతాయి, అవసరం లేదన్నాను. అందరి ముందూ అన్నాను. ఆయన చిన్నబుచ్చుకోలేదు, నవ్వి ఊరుకున్నారు.

నాలుగు రోజుల వాన తెరిపిచ్చిన రోజు అది. బాబాయి గారు కూతురిని చూడ్డానికి చక్రధర్‌పూర్ వెళ్లారు. విమానం బయలుదేరే ముందు నేను కిందటిసారి రికార్డు తెరిచాను. మూడో సిలిండర్ గీత మెల్లగా లేచి, మెల్లగా దిగుతోంది. నిమిషం గడిచాక మళ్లీ అంతే. ఆ సిలిండర్ సెన్సర్ అంతకు ముందు రెండుసార్లు వదులై తప్పు చూపించింది. కానీ వదులైన సెన్సర్ గీత అడ్డదిడ్డంగా గెంతుతుంది, ఇలా అలలా ఊగదు. ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోతుంటేనే అలా ఊగుతుంది. శిక్షణ పుస్తకంలో ఆ బొమ్మ కూడా ఉంది. నేను చదివాను, పరీక్షలో రాశాను.

"క్యా హువా గౌరీ? ఉడేగా కి నహీ?" ఎగురుతుందా లేదా అని మేనేజర్ తలుపు దగ్గర నుంచే అడిగాడు.

ఫొటోలు తీసే మంగళ్ దా అప్పటికే తన కెమెరా ఎక్కించేసి, పొట్లంలోంచి ముర్రీ నా చేతిలో పోశాడు. మరమరాల్ని ఇక్కడ అలా అంటారు, అన్నని దా అంటారు. నలభై ఏళ్ల మనిషి, పర్సుడీహ్‌లో ఇల్లు, ఇద్దరు ఆడపిల్లలు. సిలిండర్ లోపల చూడాలంటే గంట పట్టేది. అందరూ నన్నే చూస్తున్నారు. నేను సెన్సర్ బిగించి, "సెన్సర్ వదులు, సరిచేశాను" అని రాసి సంతకం పెట్టాను.

నలభై నిమిషాలకి గాల్లో ఇంజన్ ఆగిపోయింది. పైలట్ వరి మడిలో దించాడు. గట్టుకి కొట్టుకుని ముందు భాగం నలిగిపోయింది. పైలట్‌కి పక్కటెముకలు విరిగాయి. మంగళ్ దా ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

ఇంజన్ విప్పితే మూడో సిలిండర్ వాల్వ్‌కి ఒక ముక్క లేదు.

ఇప్పుడు రాసేది నీకు కష్టంగా ఉంటుంది. విచారణ మొదలైన రెండు రోజులూ నేను నోరు విప్పలేదు. నేను సంతకం పెట్టిన ఆ కాగితం కనబడకుండా చేస్తానన్నాడు మేనేజర్. "దానియేలు ఛే మహీనే మే రిటైర్ హో జాయేగా, తుమ్ చుప్ రహో" అన్నాడు. ఆరు నెలల్లో ఎలాగూ దిగిపోయే మనిషి మీదకి పోనీ, నువ్వు ఊరుకో అని. నేను తల ఊపాను. ఊపాను అన్నయ్యా.

రెండో రోజు సాయంత్రం బాబాయి గారే నా గదికి వచ్చారు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు.

"ఇంజను బాగుందని రాసిన నెలాఖరు కాయితం మీద నా సంతకం ఉంది కదమ్మా. కంటితో సూడకుండా ఎట్టినాను. అది నా తప్పే. నీకింకా బోల్డు సర్వీసుంది. నాను సూసుకుంటాను, నువ్వేటీ మాట్లాడకు."

"బాబాయి గారూ, ఆ రోజు మీరు ఊళ్లోనే లేరు."

"లేను. గానీ నేర్పినోణ్ణి నానే."

తిట్టినా బాగుండేది. మర్నాడు పొద్దున్నే విచారణ అధికారి దగ్గరికి వెళ్లి, గీత చూశానని, తెలిసీ తేలిగ్గా తీసుకున్నానని, మేనేజర్ అన్న మాటతో సహా చెప్పాను. విమానాల మీద పని చేసే నా అనుమతి పత్రం ఆపేశారు. ఉద్యోగం పోయింది. బాబాయి గారిని కూడా, సరిగ్గా చూడలేదని, ఒక్క దండ వెయ్యకుండా ఇంటికి పంపేశారు. నేను చెప్పినా ఆయన్ని కాపాడలేకపోయాను. మేనేజర్ అదే కుర్చీలో ఉన్నాడు.

నన్ను తీసుకెళ్లడానికి బయలుదేరకు. విచారణ ఇంకా ఉంది, ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లాలి. జుగ్సలాయిలో మోటారు సామాన్ల గోడౌన్‌లో సరుకు సరిచూసే పని దొరికింది. నీ షెడ్డుకి వచ్చేయమంటావని తెలుసు. ఇప్పుడు కాదు. వదిన్ని అడిగి కొంచెం ఎండు రొయ్యలు మాత్రం పంపు. బాబాయి గారి భార్య పిన్నిగారికి ఇష్టం, వాళ్లింటికి పట్టుకెళ్తాను. వాళ్లు ఇప్పటికీ నాకు కూర పంపుతున్నారు.

మంగళ్ దా ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండోసారి, పెట్టుడు కాలు కోసం దరఖాస్తు ఇంగ్లీషులో రాయాలి, రాస్తావా అని అడిగాడు. నిన్న కూర్చుని రాశాను. ప్రమాదం ఎలా జరిగిందో రాయమని అందులో ఒక గడి ఉంది. నాలుగు లైన్లు రాశాను. ఆయన భార్య ఫూల్మణి ఇన్నాళ్లూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. "క్యా లిఖా? పఢ్ కే సునావో" అంది, ఏం రాశావో చదివి వినిపించు అని.

హిందీలో చదివి చెప్పాను. ఇంజన్ చెడుతోందని గౌరి అనే టెక్నీషియన్‌కి కనిపించింది, ఆమె ఆపలేదు, అని.

"ఫిర్ సే పఢో."

మళ్లీ చదివాను. అప్పుడామె వాకిట్లో అంట్లు తోముతున్న పెద్ద కూతుర్ని లోపలికి పిలిచింది. పన్నెండేళ్లుంటాయి. తడి చేతులతోనే వచ్చి నిలబడింది.

"ఇసే భీ సునావో," అంది ఫూల్మణి. దీనికీ వినిపించు అని.

ఆ పిల్ల ముఖం చూస్తూ మూడోసారి చదివాను.

అమ్మకి, పెదనాన్న గారికి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. నాకు దీవెనలు అడగడానికి ఇప్పుడు నోరు రావడం లేదు. నువ్వు ఇవ్వగలిగితే ఇవ్వు.

నీ చెల్లెలు
గౌరి