ఆ కాగితం చదివింది నేనే

రాజన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈ రోజు సిరిసిల్లలో విచారణ పెట్టారు.

మనం మరమగ్గాలు నడిపే సాంచాల షెడ్డు మీద వేలాడే కరెంటు తీగ గురించి నువ్విచ్చిన మూడు దరఖాస్తులనూ కరెంటాఫీసు సార్లు మాయం చేశారు. ఆ తీగ తగిలి నువ్వు చచ్చిపోతే, తాగి మోటారు స్టార్టర్ ముట్టుకున్నావని పంచనామా రాయించారు. వాళ్లు జైలుకు పోవాలి. విచారణకొచ్చిన పెద్దసారు ముందు అదే అరిచాను.

అప్పుడు మన షెడ్డులో నూలు కండెలు చుట్టే పోశవ్వ లేచింది. "మాకు సదువు రాదు సారూ. గీ పోరడే కాయితం సదివి, అంత బరాబరున్నది అన్నడు. వీని మాట మీదనే ఏలుముద్రలేసినం."

నిజమే, అన్నా. షెడ్డుకు కరెంటు కట్ చేస్తామని సార్లు బెదిరిస్తే భయపడ్డాను. తాగావన్న ముక్క మింగేసి, మిగతాది చదివి వినిపించాను. కింద సంతకం పెట్టాను.

బయటికొస్తే, లోపలి మాటలన్నీ విన్న వదిన నన్ను ఆపింది.

"తాగలేదా మీ అన్న? తాగనని నా మీద ఏసిన ఒట్టు తప్పిండని సార్లు జెప్తే, సిగ్గుకు ఎవ్వల్ని అడుగలే. కోపంతోని ఆయన ఫొటో సుత గోడకు పెట్టలే."

"తాగలే వదినా" అన్నాను. ఆమె ముఖం చూడలేకపోయాను. మళ్లీ లోపలికి పోయి, తప్పు చేసినవాళ్లలో ఆ సార్ల పేర్ల కింద నా పేరు కూడా రాయమని పెద్దసారును అడిగాను.

శ్రీను