అరచెయ్యి ఆనిస్తే

ప్రియమైన బావకి,

ఇక్కడ క్షేమం. మన బుడ్డది "నాన్నా" అందోచ్! కుట్టుమిషన్ పక్కన టేప్‌రికార్డర్ పెట్టి, బతిమాలి బామాలి ఆ మాట ఎక్కించాను. ఇదిగో క్యాసెట్. విని ఎలా ఉందో రాయి. ఆఫీసుకి ఫోన్ చేస్తే "పని మీదున్నా, ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు. ఆ బాయిలర్ల షెడ్డులో నీకంత రాచకార్యాలేంటో!

నీ రాకకోసం చూసే,
నీ ఇల్లాలు

బంగారం,

క్యాసెట్ అందింది. ఎంత ముద్దుగా అందే "నాన్నా" అని! ఆపకుండా అంటూనే ఉంది గడుగ్గాయి. రోజూ షిఫ్టు దిగి రాగానే అది పెట్టుకోనిదే ముద్ద దిగడం లేదు. ఇంకోటి పంపు.

ముద్దులతో,
మీ ఇద్దరివాడు

బావా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. బుడ్డది మాట్లాడిన క్యాసెట్ ఇంట్లోనే ఉండిపోయింది, ఇవాళ కనబడింది. నీకు పంపింది అంతకుముందు రికార్డర్ పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఎక్కించింది. అందులో మాటే లేదు, అంతా నా కుట్టుమిషన్ చప్పుడు! మరి ముద్దుగా "నాన్నా" అన్నదెవరు? వినకుండానే ఇంత పచ్చి అబద్ధమా? కూతురి గొంతు వినే తీరిక లేనివాడికి పెళ్ళామెందుకు, పిల్లెందుకు? అక్కడ ఇంకెవరైనా ఉంటే చెప్పెయ్. మేం మా అమ్మావాళ్ళింటికి పోతాం.

ఇట్లు,
బుడ్డదాని తల్లి

బంగారం,

ఎవరూ లేరే పిచ్చిదానా. నాకు చెవులు పోయాయి.

బయట సుత్తులతో రివెట్లు కొడుతుంటే బాయిలర్ లోపల దూరి ఆ మేకుల్ని పట్టుకునేది నేనే. ఆ మోతకి వినికిడి కొంచెం కొంచెంగా తగ్గి, ఇప్పుడు ఉరిమినా తెలియదు. మేస్త్రికి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడు, నీకు తెలిస్తే కుమిలిపోతావు. అందుకే చెప్పలేదు. ఫోన్ తీసి, అవతల నువ్వున్నావనుకుని ఆ నాలుగు ముక్కలూ అనేసి పెట్టేసేవాణ్ణి.

క్యాసెట్ పెట్టి స్పీకరు మీద అరచెయ్యి ఆనించాను. గుడగుడమని కదిలింది. అదే నా కూతురనుకున్నాను. చొక్కా విప్పి, ఆ స్పీకరుని గుండెకి హత్తుకుని పడుకున్నాను. చూడు నా బతుకు, కుట్టుమిషన్‌కి ముద్దులు పెట్టుకున్నాను. బుడ్డదాని గొంతెలా ఉంటుందో నాకిక ఈ జన్మలో తెలియదు.

చెవిటి మొగుడు అక్కర్లేదంటే చెప్పు. ఏమీ అనుకోను.

నీ బావ

బావా, నా బావా,

నీ ఉత్తరం చదివి బుడ్డదాన్ని పట్టుకుని బావురుమన్నాను. ఎంత మాట రాశాను, నా నోరు పడిపోను! ఆ మిషన్ తొక్కింది నేనే కదా. నువ్వు గుండెకి హత్తుకుంది నన్నే అనుకో.

బుడ్డదాన్ని తీసుకుని వచ్చేస్తున్నాను. ఈ ఉత్తరం అందిన మర్నాడు నీ గది ముందుంటాం. అది నీ ఛాతీ మీద పడుకుని, మూతి ఆనించి పిలుస్తుంది. నీకు ఎంతవరకు అందితే అంతే.

తలుపు కొడితే నీకు తెలియదు. గడియ పెట్టుకోకు.

నీ ఇల్లాలు