గంగులు పొట్టకి గ్లూ

ఏప్రిల్ 18

సముద్రంలో వేట నిషేధం మొదలైతే మా సర్జరీ వార్డు నిండిపోతుంది. రెండు నెలలు పడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి ఏడాదంతా దాచుకున్న జబ్బులన్నీ అప్పుడే బయటికి తీస్తారు. ఈ రోజు భోగాపురం వైపు నుంచి గంగులు వచ్చాడు. ఎప్పుడో పేగు ఆపరేషన్ చేసిన చోట కండ విడిపోయి, లేచి నిలబడితే పొట్ట మీద కొబ్బరికాయంత హెర్నియా. దాన్ని తువ్వాలుతో బిగించి కట్టుకుని వేటకి వెళ్తున్నాడట!

నా థీసిస్‌కి సరిగ్గా సరిపోయాడు. విడిపోయిన కండని దగ్గరికి కుట్టి, పైన మెష్ అనే సన్నటి వల పరుస్తాం. అది కదలకుండా చుట్టూ కుట్లు వెయ్యాలా, గ్లూ పెడితే చాలా? పేషెంట్లని రెండు గ్రూపులు చేసి పోల్చాలి. గంగులు గ్లూ గ్రూపులో పడ్డాడు.

మెష్ ముక్క చేతికిస్తే వెలుతురుకి పట్టి చూశాడు. వల కన్ను ఇంత సన్నమైతే నెత్తళ్లంత చిన్న చేపలు కూడా తప్పించుకోవమ్మా అన్నాడు. గ్లూ సంగతి చెప్పగానే భార్య దానమ్మ మొహం మాడిపోయింది. కుట్టకుండా అతికించీడమేటి, ఇదేటి సైకిల్ ట్యూబా అంది. నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం.

ఏప్రిల్ 21

ఆపరేషన్ మా ప్రొఫెసర్ మోహనకృష్ణ సార్ చేశారు, నేను అసిస్ట్ చేశాను. గ్లూ చుక్కలు చుక్కలుగా పెట్టి వేలితో అదిమాను. అంతే! తుఫాను గాలిలో పడవ నడిపే మనిషి పొట్టని నాలుగు చుక్కల మీద వదిలేసి చర్మం కుట్టేశాం. చేతులు కడుక్కుంటుంటే భయమేసింది.

ఏప్రిల్ 22

గంగులు లేచి టీ కోసం నడిచాడు. పక్క మంచం మీద నెల్లిమర్ల తిరుమలరావు గారు, కుట్ల గ్రూపు, పక్కకి తిరగడానికే అమ్మా అంటున్నారు.

మే 27

రివ్యూకి వచ్చాడు. వాపు లేదు. ఇంకా కొన్నాళ్లు బరువెత్తొద్దు, పడవ తొయ్యొద్దు అని గట్టిగా చెప్పాను. అలాగేనమ్మా అన్నాడు. దానమ్మ నవ్వింది.

జూన్ 16

ఎందుకు నవ్విందో ఇప్పుడు తెలిసింది. నిషేధం అయిపోయి నిన్న వాళ్ల ఊళ్లో పడవలు నీళ్లలోకి దించారు. గంగమ్మకి పూజ చేశాక ముందుగా పడవ సొంతదారే భుజం పెట్టాలట. ఊరికే తాకించి వదిలేస్తే ఏం పోయింది? ఈయన తోశాడు. ఈ రోజు పొట్ట పొంగి, మెలికలు తిరుగుతూ వచ్చాడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. నాను బుజం ఎట్టకుంటే ఆ పడవలో ఎవుడెక్కుతాడమ్మా అన్నాడు. వల ఊడిపోనాదేటి అని దానమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఊడితే మళ్లీ పెద్ద ఆపరేషన్. ఈ ఏడు వేట లేనట్టే. ఆ తర్వాతైనా ఉంటుందని ఎవరూ చెప్పలేరు.

జూన్ 17, మధ్యాహ్నం

స్కాన్‌లో మెష్ పైన రక్తం గూడు కట్టినట్టు ఉంది. మెష్ కదిలిందో లేదో తెలియడం లేదు. తెరిచి చూద్దాం అన్నారు సార్. ఏమీ తినబుద్ధి కావడం లేదు.

జూన్ 17, సాయంత్రం

చూశాను!

గడ్డకట్టిన రక్తం తీసి కడిగితే అడుగున మెష్. దాన్నిక మెష్ అనొచ్చో లేదో నాకు తెలియదు. ప్రతి కన్నులోంచీ గులాబీరంగు పొర పైకి వచ్చి పక్క కన్నులోకి దిగింది. వెంట్రుకల్లాంటి రక్తనాళాలు దాని మీద పాకుతున్నాయి. ఫోర్సెప్స్‌తో అంచు పట్టి లాగాను. పొట్ట లేచింది గానీ అంచు లేవలేదు. గ్లూ పెట్టిన చోటికీ పెట్టని చోటికీ తేడా కనిపెట్టలేకపోయాను.

గ్లూ అయినా కుట్లయినా మొదటి వారాలకే, ఆ తర్వాత పట్టుకునేది ఇతనే అన్నారు సార్, గంగులు పక్కటెముకల మీద చెయ్యి ఉంచి. పుస్తకంలో టిష్యూ ఇన్‌గ్రోత్, అంటే ఒంటి కణజాలం మెష్‌లోకి పెరగడం, అని రెండు ముక్కలు ఉంటాయి. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది ఇదని నాకెవరూ చెప్పలేదు. నర్సు రాజకుమారి నా కళ్లు తుడుస్తూ, సెమట పట్టేసినాదా డాక్టరమ్మా అంది. అవునన్నాను.

జూన్ 18

ఊడలేదని చెప్పాను. తోసినప్పుడు చిన్న నాళం చిట్లి రక్తం చేరింది, అంతే. అయితే గ్లూ గట్టిదేనన్నమాట అంది దానమ్మ. గ్లూ కాదమ్మా, మీ ఆయన ఒళ్లే పట్టుకుంది అన్నాను. గంగులు కంగారుపడ్డాడు. నానేటి సేసానమ్మా, పడుకున్నాను అంతే అన్నాడు.

సెప్టెంబర్ 30

గంగులు వేటకి వెళ్తున్నాడని, తువ్వాలు కట్టుకోవడం మానేశాడని దానమ్మ ఫోన్ చేసి చెప్పింది.

మధ్యాహ్నం వార్డులో అందరూ నిద్రపోతున్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని మంచాల మధ్య నుంచి నడిచాను. అందరి ఒళ్ల లోపలా పని జరుగుతోంది.