బుడమేరు ఎగువ మామిడితోట

సింగ్‌నగర్, విజయవాడ
10 జూన్ 2026

చిరంజీవి బావమరిది రాంబాబుకి,

తిరుపతిరావు బావ దీవెనలు. మైలవరం కొండల కింద మీరంతా చల్లగా ఉన్నారని తలుస్తూ, ఇక్కడ మేం ఇప్పటికి పొడిగానే ఉన్నామని తెలియజేస్తున్నాను. అసలీ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనుకున్నాను. కానీ ఫోనులో నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు. కాగితమైతే అడ్డు రాదు.

మీ అక్క శివపార్వతికి నిద్ర లేదు. ముందటేడు మీ కొండల్లో పుట్టిన బుడమేరు పొంగి మా ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి, మబ్బు పడితే చాలు, వీధిలోకెళ్లి పుట్టింటి వైపు చూస్తుంది. పుట్టింటి నుంచి పసుపు కుంకుమలు రావాలిగానీ వరద రావడమేంటని నేనంటే నవ్వదు. బియ్యం డ్రమ్ము అటకెక్కింది. కుట్టుమిషను మంచం మీద ఉంది. మేం కింద పడుకుంటున్నాం.

ఈ వచ్చే శుక్రవారం నాడు మీ మామిడితోటని గ్రావెల్ తవ్వుకునేవాళ్లకి రాసిస్తున్నావని విన్నాను. ఇవ్వొద్దని అడగడానికే ఈ రాత. పెళ్లయిన కొత్తలో నేను సిల్కు చొక్కా వేసుకుని వస్తే, మీ నాన్న కాఫీ కంటే ముందు పలుగు చేతికిచ్చాడు. తొలకరికి ముందు ప్రతి చెట్టుకీ ఎగువన అరచందమామలా గుంట తవ్వాలట. కొండ దిగే వాన చెట్టుచెట్టు దగ్గరా ఆగి నాలుగు గుక్కలు తాగించి పోవాలి అల్లుడూ అన్నాడు. ఆ చొక్కా మళ్లీ ఏ పెళ్లికీ పనికిరాలేదు, అది వేరే సంగతి. ఇప్పుడు మీ చుట్టుపక్కల గుంటలూ లేవు, చెట్లూ లేవు. వాన ఎక్కడా ఆగకుండా ఎక్స్‌ప్రెస్ బస్సెక్కినట్టు నేరుగా మా వీధిలో దిగుతోంది.

నీ మాటా కాదనను. పూత నిలవట్లేదు, కాయ అమ్మితే కోత కూలికే సరిపోతోంది, ఏట్లో ఇళ్లు కట్టుకున్నది మీరైతే కొండకి కాపలా నేను కాయాలా బావా అన్నావు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టినవాణ్ణి, నీళ్ల సంగతి పేపర్లు చదివి నేర్చుకున్నదే. ఈ ఒక్క వానాకాలం ఆగు. మోకాళ్లు ఒప్పుకున్నంత వరకు నేనొచ్చి పలుగు పడతాను.

ఇట్లు,
నీ తోటా మా ఇల్లూ రెండూ నిలవాలని కోరే
తిరుపతిరావు

తా.క.: నీ దగ్గర దాచడం బాగుండదు. వీధిలో అందరూ గ్రావెల్ పోయించి ఎత్తు చేసుకున్నారు. పల్లంలో మిగిలింది మా ఇల్లొక్కటే, వాళ్ల నీళ్లు కూడా మాకే. మీ అక్క పోరు పడలేక నేనూ గ్రావెల్‌కి చెప్పాను. ఉత్తరం మడుస్తుండగా మొదటి లారీ వచ్చింది. ఎక్కడి మట్టయ్యా అని అడిగాను. మైలవరం అవతల మామిడితోటదండీ, చెట్ల వేళ్లుంటే ఏరేసుకోండి, ఎక్కడ పొయ్యమంటారు అన్నాడు డ్రైవరు. గేటు తీశాను.