దీపాలు పెట్టాక సూది

నవంబర్ 5, బుధవారం

సీటొచ్చింది. విజయనగరంలో బీఈడీ, హాస్టల్‌తో సహా. పదిహేడో తేదీలోగా జాయినవ్వాలి. అమ్మకి చెప్పాను. కుంకం పొట్లాలు కడుతున్న చెయ్యి ఆపి, మరి కొట్టో, అంది. అంతే. అవునూ లేదు, కాదూ లేదు. మళ్ళీ పొట్లాలు.

అరసవల్లి గుడి వీధిలో మాది ఫ్యాన్సీ కొట్టు. గాజులు, రిబ్బన్లు, దారాలు, సూదులు, పిన్నులు. నాన్న పోయినప్పటి నుంచీ గల్లా దగ్గర నేనే. అమ్మకి మోకాళ్ళు పనిచెయ్యవు. స్టూలెక్కి పైఅర అందుకోవాలంటే నేనే ఉండాలి.

బేరాల్లేనప్పుడు ఫోన్‌లో గేమ్. అందులోనూ నాది కొట్టు బతుకే.

నవంబర్ 7, శుక్రవారం

ఈ గేమ్ గోల ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మా గిల్డ్‌లో, అంటే ఆటలో మా జట్టులో, అందరూ యోధులు. కోటలోకి వెళ్ళి రాక్షసులతో కొట్టుకుంటారు. కవచాలు చిరుగుతాయి. అవి బాగవ్వాలంటే మెండింగ్ నీడిల్, అంటే చిరుగులు కుట్టే సూది, కావాలి. సాలెపట్టు, ఎముక కలిపి దర్జీ చెయ్యాలి. గిల్డ్‌కి దర్జీని నేను. అందరూ లోపలికి పోతారు, నేను గేటు బయట సూదులు చేస్తూ కూర్చుంటాను. ఏడాదిన్నరగా ఆ కోట లోపల ఎలా ఉంటుందో నాకు తెలీదు. సూదుల్లో నన్ను మించినవాళ్ళు లేరు. యుద్ధంలో మాత్రం అడవిపంది కుమ్మినా చచ్చిపోతాను.

ఆ సూదిలో ఒక తిరకాసుంది. కుట్టిన ప్రతిసారీ కవచం బాగవుతుంది గానీ దాని అసలు బలం కాస్త తగ్గిపోతుంది. మళ్ళీ ఎప్పటికీ మొదటంత కాదు. మా లీడర్ ప్రదీప్ (కొత్తవలస అబ్బాయి, మొహం చూడలేదు, గొంతే తెలుసు) ఆ పాత కవచమే వేసుకుని తిరుగుతాడు. పారెయ్యరా అంటే వినడు. నువ్వున్నావు కదక్కా, నాకేటి, అంటాడు.

ఆ మాట మా ఇంట్లో కూడా రోజూ వినబడుతుంది.

అన్నయ్య గోపి వైజాగ్ నుంచి ఫోన్ చేశాడు. ఆదివారం వస్తాడట. కొట్లోకి ఎవరినైనా పెట్టే సంగతి అమ్మతో మాట్లాడతాడట. చూద్దాం.

నవంబర్ 9, ఆదివారం

గోపి రాలేదు.

ఆదివారం సూర్యనారాయణస్వామి రోజు. వీధంతా జనమే. పొద్దున్నుంచి ముద్ద తినే తీరిక లేదు. సాయంత్రం ఆరున్నరకి గిల్డ్‌కి కోట యుద్ధం. నెల్లాళ్ళుగా దానికే తయారవుతున్నారు. నా పని ఒక్కటే, అడిగినప్పుడు సూదులు పంపడం. ఫోన్ గల్లా మీద పెట్టి, స్పీకర్ ఆన్ చేసి, రిబ్బన్లు కొలుస్తున్నాను.

అమ్మ అప్పుడే దీపం పెట్టింది. సరిగ్గా అప్పుడే ఫోన్‌లోంచి ప్రదీప్ కేక. అక్కా సూదులు, బేగి సూదులంపు, సచ్చిపోతన్నాం.

మా ఇంట్లో దీపాలు పెట్టాక సూది చేత్తో ముట్టరు. అమ్మరు, ఇవ్వరు, కుట్టుకోరు. లక్ష్మి పోతుందట. ఎంత కావలసినవాళ్ళొచ్చినా రేపు రమ్మనడమే. తాతమ్మ కాలం నుంచీ అదే.

అమ్మ వచ్చి ఫోన్ లాక్కుని అందులోకి చెప్పేసింది. దీపాలెట్టీసినాం బాబూ, ఇప్పుడు సూదులివ్వం, రేపు పొద్దున్న రా.

ఎదుట గాజులు చూస్తున్నవాళ్ళు నవ్వారు. ఫోన్ లాక్కుని పంపెయ్యొచ్చు. ఒక్క బటన్. కానీ నా వేలు ఆగిపోయింది. అవి నిజం సూదులు కావని తెలిసీ ఆగిపోయింది. నాకు నవ్వు రాలేదు, భయం వేసింది. అమ్మ నా చెయ్యి పట్టుకోలేదు, ఏమీ లేదు. నన్ను కట్టేసినది నా లోపలే ఉంది.

కోట పోయింది.

నవంబర్ 10, సోమవారం

గిల్డ్‌లో తిట్లు. నీవల్లే పోనాది, అన్నాడు ప్రదీప్. తీసెయ్యండి మరి, అన్నాను. ఎవరూ తియ్యలేదు. తీసేస్తే సూదులెవరు చేస్తారు? సాయంత్రానికి వాడే, సారీ అక్కా, ఇరవై సూదులు, అని మెసేజ్ పెట్టాడు.

తిట్టి పంపించేసినా బాగుండును.

నవంబర్ 12, బుధవారం

బ్యాగు సర్దాను. మళ్ళీ విప్పేశాను. ఆ సర్దడంలో పట్టీ తెగింది. నాన్న బ్యాగు. వెళ్ళొద్దని శకునం కూడా చెప్పినట్టుంది.

నవంబర్ 14, శుక్రవారం

మధ్యాహ్నం బేరాల్లేవు. అమ్మ తనంతట తానే అడిగింది, ఆ ఫోన్లో సూదులేటే, అని. చెప్పాను. ఎవరెవరి కవచాలో కుడతానని, కుట్టిన కొద్దీ వాటి సత్తువ తగ్గుతుందని. చాలా శ్రద్ధగా విన్నది. కొట్లోకి కొత్త సరుకొస్తే అలాగే వింటుంది.

మరి అలా కుడతా ఉంటే ఆకరికేటవుతాదే, అంది.

ఇంక కుట్టడానికి పనికిరాదమ్మా, అన్నాను. అని ఊరుకుంటే పోయేది. నాకూ అలాగే ఉందమ్మా, అనేశాను.

అమ్మ ఏడ్చింది. నాను సేతకానిదాన్నయిపోనాను, నువ్వెలిపోతే కొట్టు తలుపులు మూసీడమే, మీ నాన్న పేరు కూడా దాంతో పోద్ది, అంది. ఆ మోకాళ్ళు పట్టుకుని నేనూ ఏడ్చాను. వెళ్ళనులే, అన్నాను. చెప్పానా, చెప్పేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అమ్మ మీద కోపం రాలేదు, అదే ఇంకా బాధ. కోపం వచ్చినా బాగుండేది, దాన్ని పట్టుకుని గుమ్మం దాటేదాన్ని.

సాయంత్రం స్టూలెక్కి పైఅర అంతా దులిపాను. ఎవరూ దులపమనలేదు.

నవంబర్ 16, ఆదివారం, మధ్యాహ్నం

రేపే ఆఖరి రోజు. గోపి ఈసారీ రాలేదు. మీటింగట.

పొద్దున్న అమ్మ పక్క పూలకొట్టు గురమ్మతో చాలాసేపు గుసగుసలాడింది. నేను రాగానే ఆపేసింది. గురమ్మ నన్ను అదోలా చూసి, మా పిల్ల రాధిక ఇంట్లో కాళీగానే ఉన్నాది, గాజుల బేరం దానికి బాగా తెలుసు, అంది. ఎందుకు చెప్పిందో అర్థం కాలేదు. జనం ఎక్కువైపోయి అడగలేదు కూడా.

ప్రదీప్ సూదులడిగాడు. దర్జీ పని నువ్వే నేర్చుకో, చెప్తాను, అన్నాను. నాకెందుకక్కా, నువ్వున్నావు కదా, అన్నాడు.

అదే రోజు, దీపాలు పెట్టాక

అమ్మ గదిలో కూర్చుంది. పట్టీ తెగిన నాన్న బ్యాగు ఒళ్ళో ఉంది. కొట్లోంచి సూది తెచ్చుకుంది.

సీకట్లో అగుపడ్డం లేదు, రేపు నువ్వు దూరం మొయ్యాల కదా, రెండు పోగులెక్కించు, అంటూ సూది నా చేతికిచ్చింది.

ఎక్కించాను.