ఒకటిగా కనపడిన రెండు గీతలు

అక్షతా, మీ అవ్వను మాట్లాడుతున్నా. గొర్రెలను విప్పొద్దు, దొడ్లోనే మేత వెయ్యి. మీ తాత పావగడ సోలార్ ఆఫీసుకు పరుగెత్తినాడు.

సోలార్ కంచె పటం మన కొత్త కంప్యూటర్లో చూసి, కంచె గొర్రెల దారి పక్కనుంచే పోతుందని మొన్న సంతకం పెట్టినాడు కదా? పొద్దున జిరాక్స్ అంగడి ఓబులేశు తన కంప్యూటర్లో చూపించినాడు. మన తెరలో ఒకటిగా కనపడిన గీత నిజానికి రెండు, దారిదొకటి, కంచెదొకటి. కుంటకు పోయే దారి కంచె లోపల చిక్కింది! సాయంత్రంలోపు సంతకం వెనక్కి తీసుకోకపోతే మందకు నీళ్లు లేవు.

"తెర రెజల్యూషన్ చూసి కొందాం తాతా" అని నువ్వు బతిమాలితే, "ఈడ్నించే మంగళవాడ ఊర్లో చీమ మీసాలు లెక్కబెడతా, నాకేందే అదంతా, పెద్దదుంటే చాలు!" అన్నాడు ఆ పెద్దమనిషి.

ఆ తెర మార్చెయ్యి.

దారి దక్కితే చీమ మీసాలని ఎంతైనా ఎగతాళి చెయ్యి. దక్కకపోతే మాత్రం ఆ మాట ఎత్తొద్దమ్మా.